బావి పక్కన పాతిన గొట్టం

మా మరిదిని వీధి వీధంతా ‘ఉండనీ’ అనే పిలుస్తుంది. పెట్టిన పేరు కాగితాల మీదే ఉండిపోయింది. విరిగిన గొడుగు కమ్మి, చిల్లు పడ్డ బకెట్, జత పోయిన ఒంటి చెప్పు, ఎవరు ఏది పారేయబోయినా చెయ్యి అడ్డం పెట్టి, “ఉండనీ, పనికొస్తుంది” అంటాడు. వాళ్ళింటి వెనక వసారా నిండా అలాంటివే. నా తోటికోడలు ఓసారి అందులో దువ్వెన వెతుక్కోబోయి, పాత సైకిలు చైను కాలికి చుట్టుకుని బోర్లా పడింది. వారం రోజులు కుంటింది. “ఏదో ఒకరోజు నన్ను కూడా ఈ కుప్పలోనే పడేస్తాడక్కా, పనికొస్తానని” అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు ఈ మధ్య నాకు తరచు గుర్తొస్తోంది.

అతని ట్రాక్టరు కూడా అలా పోగేసిందే. ఇంజను ఒకచోటిది, చక్రాలు ఇంకోచోటివి. సీటు ఏదో బస్సులోది, దాని వెనక ఎవరో గోటితో గీకిన ప్రేమలేఖ అప్పటికీ చదవడానికి వీలుగానే ఉండేది. నెత్తిన ఎండ పడకుండా నాలుగు గొట్టాలు నిలబెట్టి టాపు కట్టుకున్నాడు. ఆ నాలుగు గొట్టాలూ నాలుగు రకాలు. అన్నిటికీ కలిపి ఆకుపచ్చ రంగు పూసేశాడు, దూరం నుంచి చూస్తే ఒకే బండి అనుకోవాలని. దాని పేరు ‘ముసల్ది’. మెకానిక్ ఒకసారి చుట్టూ తిరిగి చూసి, “ఇది నడవడానికి నాకైతే కారణం కనబడట్లేదు బాబాయ్. మొండితనంతో నడుస్తోంది, అంతే” అన్నాడు.

దానికి బ్రేకు లేదు. ఉండేది, పోయింది. ఆపాలంటే మా మరిది క్లచ్ నొక్కి, గేరు తీసేసి, సీటు పక్కన తాడుతో కట్టుకున్న పెద్ద రాయిని చక్రం ముందుకి విసిరేవాడు. చక్రం రాయికి తగిలి ఆగేది. ఇరవై ఏళ్ళుగా అలాగే ఆపాడు. ఆ రాయికి చక్రం ఆనే చోట సొట్ట కూడా పడింది.

నేను బతికేది కుట్టుమిషను మీద. బట్టలు కాదు, లారీ టార్పాలిన్లు, సీటు కవర్లు, గుడారాలు. మా ఆయన పోయి ఆరేళ్ళు. మా రెండిళ్ళకీ కలిపి మూడెకరాల నేలుంది. ఆయన మంచాన పడ్డప్పటి నుంచి దాని మొహం ఎవరూ చూడలేదు. తుమ్మ, ముళ్ళకంప, మనిషెత్తు గడ్డి, వాటి మీద తీగలు అల్లుకుని మొత్తం ఒకే దుప్పటి కప్పినట్టు అయిపోయింది. మొన్న ఎండాకాలంలో మరిది కూతురూ అల్లుడూ అక్కడ మొక్కల నర్సరీ పెట్టుకుంటామన్నారు. వానలు పడేలోపు నేల బాగు చేసిస్తానని ఇతను మాటిచ్చేశాడు. కూలీలని పెడదామని అల్లుడంటే, “ముసల్ది ఉండగా మనుషులెందుకు?” అన్నాడు.

“మరి బావి?” అన్నాను నేను.

ఆ నేలలో ఒక పాత బావి ఉంది. చాలా లోతు. దాని చుట్టూ ఉన్న రాతి గట్టు పీకి మా ఇంటి పునాదికి వాడుకున్నారు, మా మామగారి కాలంలో. అప్పటి నుంచి అది నేలకి నేలగానే నోరు తెరుచుకుని ఉంది. పైన వేసిన చెక్కలు పుచ్చిపోయాయి. ఒకసారి పక్కవాళ్ళ దూడ పడింది. రెండు రోజులు అరిచింది. మూడో రోజు అరవలేదు. ఆ తర్వాతే మా ఆయన ఒక లావు ఇనుప గొట్టం తెచ్చి, బావి పక్కన సిమెంటు పోసి పాతాడు. నా మిషను స్టాండుకి వేయగా మిగిలిన ఎర్ర రంగు, కిటికీలకి వేయగా మిగిలిన తెల్ల రంగు తీసుకుని పట్టీలు పట్టీలుగా వేశాడు. మూడు ఎర్రవి, రెండు తెల్లవి. అన్నిటికంటే కింద ఉన్న ఎర్ర పట్టీ వంకరగా పోయింది. నేను నవ్వితే, “పడేవాడికి వంకర కనబడదులే” అన్నాడు.

“బావి సంగతి నాకు తెలీదా వదినా?” అన్నాడు మరిది. “అన్నయ్య పాతిన గొట్టం ఉందిగా. అది కనబడగానే ఆపేస్తాం. దాని చుట్టూ చేత్తో కొట్టుకుంటాం.”

“అసలు ఏ వైపుంది అది?”

“తూర్పు కంచె దగ్గర” అంది తోటికోడలు.

“కాదు, నడిమధ్యలో. నేను ఆయనకి అన్నం పట్టుకెళ్ళేదాన్ని” అన్నాను.

“మీ ఇద్దరికీ వంటింట్లో ఉప్పుడబ్బా ఎక్కడుందో తెలీదు, బావి చెబుతారా? గొట్టం కనబడనీ. అదే చెబుతుంది” అన్నాడతను.

పని మొదలైంది. ట్రాక్టరు ముందు పెద్ద ఇనుప పలక కట్టాడు, కంపని తోసుకుంటూ పోవడానికి. ఎత్తున సీటు మీద కూర్చున్నవాడికి పలక ముందు ఏముందో కనబడదు. అందుకని పది అడుగుల ముందు నా తోటికోడలు నడవాలి. చేతిలో పొడుగు కర్ర, నెత్తికి తువ్వాలు. మొద్దులు, తీగలు, రాళ్ళు చూసి చెప్పడం ఆవిడ పని. “గొట్టం కనబడిందో, అక్కడే రాయిలా ఆగిపో. ఒక్క అడుగు కూడా వెయ్యకు, చెయ్యి పైకెత్తు. నేను ఆపేస్తా” అని పదిసార్లు చెప్పాడు.

“ఆగమంటే నేను ఆగుతా. మీ ముసల్ది ఆగుతుందా?” అంది.

“నా మాట వింటుందది. నీలాగ కాదు.”

మొదటి రోజే కందిరీగలు లేచాయి. తుమ్మ మొద్దుని పలక గుద్దగానే మబ్బులా వచ్చి మీద పడ్డాయి. మా మరిది మొహం గుమ్మడికాయలా ఉబ్బింది. నేను పసుపు రాస్తుంటే, “అద్దం చూపించకు వదినా, పెళ్ళినాటి ఫోటో గుర్తొస్తుంది” అన్నాడు. ఆ నవ్వు రెండో రోజుకి లేదు. పడున్న పాత కంచె ఇనుప ముళ్ళతీగ సైలెన్సరుకి చుట్టుకుని దాన్ని మొదలంటా పీకేసింది. అక్కడి నుంచి ముసల్ది చప్పుడు మా వీధిలోకి వినబడేది. పక్కన నిలబడి అరిచినా అతనికి వినబడదు. మాటలన్నీ పోయి చెయ్యి ఒక్కటే మిగిలింది. చెయ్యెత్తితే ఆపాలి, దించితే నడవాలి. ఆ మర్నాడు ఇంజను ఆపే తీగ తెగింది. అల్లుడు ఫోన్ చేసి, “మామయ్యా, రెండు రోజులు ఆపి బాగు చేయించండి” అన్నాడు. “రెండు రోజులు ఆపితే మళ్ళీ స్టార్టవ్వదల్లుడూ” అన్నాడితను. అది కూడా నిజమే.

నాలుగో రోజు సాయంత్రం తోటికోడలు మా ఇంటికొచ్చి గడప మీద కూర్చుంది. టీ ఇస్తే చల్లారిపోయేదాకా పట్టుకునే ఉంది.

“అక్కా, ఎండాకాలంలో కప్ప అరుస్తుందా?”

“ఎక్కడ?”

“అక్కడే. ఇంజను చప్పుడు ఒక్క నిమిషం తగ్గితే వినబడింది. కింద నుంచి. దగ్గర్లో చుక్క నీళ్ళు లేవు.”

“చెప్పావా ఆయనకి?”

“చెప్పా. కప్పకి నీ అంత తెలివి లేదా, ఎక్కడో నీడన కూర్చునుంటుందిలే అన్నాడు.” మళ్ళీ అంది. “ఇంకోటి. నడుస్తుంటే ఒకచోట కాళ్ళకి చల్లగా తగిలింది. గాలి. పైనంతా మంటగా ఉంది, మోకాళ్ళ కింద మాత్రం ఫ్రిజ్ తలుపు తీసినట్టు. రెండడుగులు వెనక్కొచ్చా. పోయింది.”

“గొట్టం కనబడిందా?”

“అదే కదా. గొట్టం లేదు. గొట్టం లేకపోతే బావి అక్కడ ఉండదు కదక్కా?”

నేను ఉండదులే అన్నాను. మా ఆయన పాతింది, ఎక్కడికి పోతుంది అన్నాను. ఆ మాట అన్న నోరు నాదే.

ఐదో రోజుకి మధ్యలో ఒక పొద మాత్రం మిగిలింది. రెండు గదులంత ఉంటుంది. చుట్టూ నేలంతా ఎండి బూడిదరంగులో ఉంటే ఆ పొద ఒక్కటే ముదురు పచ్చగా ఉంది. నేల అటే కాస్త వాలుగా దిగుతుంది. వాళ్ళ కుక్క పనిచేసిన చోటల్లా తోక ఊపుకుంటూ తిరిగేది, ఆ పొద దగ్గరికి మాత్రం పోలేదు. దూరంగా కూర్చుని ఆవలించేది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ట్రాక్టరు టాపుకి ఒక కొమ్మ తగులుకుంది. గుడ్డ చిరిగి, నాలుగు గొట్టాలతో సహా మొత్తం ఊడి నేల మీద పడింది. మరిది దాన్నంతా చంకలో పెట్టుకుని మా వసారాలో పడేసి, “రేపు కుట్టిపెట్టు వదినా. ఇంకొక్క పూట పని. ఆ పొద కూడా తోసేస్తే అయిపోయినట్టే” అన్నాడు.

“గొట్టం ఇంకా కనబడలేదు కదయ్యా.”

“ఆ పొదలోనే ఉంటుంది. ఇంకెక్కడుంటుంది?”

అది కూడా నిజమే అనిపించింది. ఆ వారమంతా అతను ఏం చెప్పినా నిజమే అనిపించింది.

మర్నాడు పొద్దున్నే ముసల్ది చప్పుడు మొదలైంది. నేను వసారాలో కూర్చుని చిరిగిన గుడ్డని గొట్టాల నుంచి ఊడదీస్తున్నాను. ఆ టాపు కొలతలు తీసుకుని కుట్టింది నేనే, గొట్టాలకి ఎక్కించుకుంది మాత్రం అతనే. మూడు గొట్టాలు సన్నవి, గుడ్డ లాగితే జారిపోయింది. నాలుగోది లావు. గుడ్డ దానికి అతుక్కుపోయింది. కాలితో తొక్కిపెట్టి రెండు చేతులా లాగాను. గుడ్డతో పాటు ఆకుపచ్చ రంగు పెచ్చులు పెచ్చులుగా లేచింది.

కింద ఎరుపు.

కత్తెర మొనతో గీకాను. ఎర్ర పట్టీ తర్వాత తెల్ల పట్టీ. తెలుపు తర్వాత మళ్ళీ ఎరుపు. నా ఎదురుగా మిషను స్టాండు ఉంది. అదే ఎరుపు. నా చెయ్యి ఆగలేదు, కిందదాకా గీకుతూనే పోయాను. చివరి పట్టీ వంకరగా ఉంది. గొట్టం అడుగున గోరంత సిమెంటు ముక్క ఇంకా పట్టుకుని ఉంది.

వాళ్ళు ఆరు రోజులుగా వెతుకుతున్న గొట్టం ఐదు రోజులు వాళ్ళతోనే తిరిగింది. అతని తల మీదే.

లేచి పరిగెత్తాను. చెప్పులు వేసుకోలేదు. గొట్టం చేతిలోనే ఉందని వీధి చివరికి వచ్చాక చూసుకున్నాను. బరువుగా ఉంది, అయినా పారేయలేదు. రెండు వీధులు, ఒక మలుపు, ఆ తర్వాత మట్టిబాట. “ఏమైందత్తా?” అని ఎవరో అడిగారు. నా చెవులు ముసల్దాని చప్పుడు మీదే ఉన్నాయి. ఆ చప్పుడు వినబడుతున్నంతసేపూ పరవాలేదు. ఇన్నాళ్ళూ ఆ గోల భరించలేక తిట్టుకున్నదాన్ని, అది ఆగకూడదని ఆ రోజు ఎంత కోరుకున్నానో.

కంచె దాటేసరికి కనబడింది. పొదలో సగం అప్పటికే పోయింది. తోటికోడలు నడుము లోతు తీగల్లో నిలబడి కర్రతో ముందు పొడుస్తోంది. అడుగు వేస్తోంది, పొడుస్తోంది. వెనకే పలక తోసుకుంటూ ట్రాక్టరు.

“ఆగండీ! ఆగు చెల్లీ!” అని అరిచాను. నా గొంతు నాకే వినబడలేదు. దున్నినట్టున్న నేల మీద పడుతూ లేస్తూ పక్క నుంచి వాళ్ళకెదురుగా పరిగెత్తాను. ఇంకేం చెయ్యాలో తోచక రెండు చేతులా ఆ గొట్టాన్ని తల పైకి ఎత్తాను.

ఆవిడ కళ్ళు ఆరు రోజులుగా వెతుకుతున్నది దాన్నే. ఎరుపు, తెలుపు, ఎరుపు. గాలిలో ఉందా నేలలో ఉందా అని కూడా చూసుకోలేదేమో, చూపు పడగానే బిగుసుకుపోయింది. చెయ్యి పైకి లేచింది.

మా మరిది ఆ చెయ్యి చూశాడు. క్లచ్ నొక్కి, గేరు తీసి, రాయి ఎత్తి చక్రం ముందుకి విసిరాడు. ఇరవై ఏళ్ళుగా చేసినట్టే. కానీ అక్కడి నేల మిగతా నేలలా లేదు. పైకి తీగలు, కింద బురద. రాయి పడ్డ చోటే దిగబడిపోయింది. చక్రం దాని మీద నుంచి ఎక్కి దిగింది. గేరు లేని బండి వాలులోకి తన దారిన తను జారుతోంది.

ఆవిడకి వీపు వైపు నుంచి వస్తోంది అది. ఆవిడ కదల్లేదు. గొట్టం కనబడితే రాయిలా ఆగిపొమ్మని చెప్పింది అతనే కదా. నేను గొట్టం పడేసి ఇటు రా, ఇటు రా అని చేతులు ఊపుతున్నాను. ఆవిడ నన్నే చూస్తూ, చెయ్యెత్తుకుని, బడిపిల్లలా నిలబడింది.

మా మరిది బతుకులో దేన్నీ వదలలేదు. ఒంటి చెప్పుని కూడా వదలలేదు. ఆ రోజు స్టీరింగు వదిలేశాడు. సీటు మీద నుంచి తీగల్లోకి దూకాడు, పడ్డాడు, చేతుల మీద పాక్కుంటూ లేచి ఆవిడ తువ్వాలు దొరికితే తువ్వాలు, జుట్టు దొరికితే జుట్టు పట్టుకుని పక్కకి లాగాడు. ఇద్దరూ కలిసి ముళ్ళలో పడ్డారు. ట్రాక్టరు ఆవిడ నిలబడ్డ చోటు మీద నుంచే పోయింది. ఇంకో రెండు బారలు పోయింది. అప్పుడు తీగల దుప్పటి మొత్తం ఒక్కసారి కిందికి కుంగింది.

ముందు చక్రాలు మాయమయ్యాయి. వెనక చక్రాలు పైకి లేచి గాలిలో తిరిగాయి. ఆ తర్వాత అవి కూడా లేవు. రాయికి కట్టిన తాడు ఒకటి నేల మీద పాములా పాకుతూ వెళ్ళి అంచు దాటి పోయింది. లోపల నుంచి ఒక దెబ్బ, దాని మీద ఇంకో దెబ్బ. ఇంజను నీళ్ళలో కాసేపు గుడగుడలాడి ఆగిపోయింది.

ఆరు రోజుల్లో మొదటిసారి అక్కడ చప్పుడు లేదు. మేం ముగ్గురం ఒకరి ఊపిరి ఒకరం వింటూ కూర్చున్నాం. చల్లటి గాలి నాకూ తగిలింది, మోకాళ్ళ కింద. ఆవిడ చెప్పినట్టే ఉంది.

అతని చీలమండ విరిగి పాదం పక్కకి తిరిగిపోయింది. దాన్ని చూసుకోలేదు. నేను పడేసిన గొట్టాన్ని చూస్తున్నాడు. ఒక పక్క ఆకుపచ్చ, ఒక పక్క ఎరుపూ తెలుపూ.

“పీకింది గుర్తుంది వదినా” అన్నాడు చివరికి. “అన్నయ్య మంచాన పడ్డ కొత్తలో. టాపుకి ఒకటి తక్కువైంది. వంగి ఉంది, కొంచెం ఊపితే వచ్చేసింది. పీకింది గుర్తుంది. ఎక్కడ పీకానో గుర్తు లేదు.”

తోటికోడలు చేతుల్లో దిగిన ముళ్ళు ఒక్కొక్కటే తీసుకుంటోంది. తల ఎత్తలేదు.

“నీకు ఎండ తగులుతుందని పీకావా?” అంది. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ అతన్ని ‘నువ్వు’ అనడం నేను అదే వినడం.



తర్వాత మెకానిక్ వచ్చి బావిలోకి టార్చి వేసి చూశాడు. క్రేన్ తెస్తే లాగొచ్చు, ఇంజను కాకపోయినా ఇనుమన్నా దక్కుతుంది అన్నాడు. అందరం మా మరిది మొహం చూశాం, ఏమంటాడో తెలిసినట్టు. చంక కర్రల మీద నిలబడి, “వద్దు” అన్నాడు. ఆ మాట అతని నోట అదే మొదలు. మిగిలిన పొదని కూలీలు కత్తులతో కొట్టారు. బావి చుట్టూ నడుమెత్తు గోడ, పైన ఇనుప జల్లెడ వచ్చాయి. గోడ పక్కన ఆ గొట్టాన్ని మళ్ళీ పాతారు. పట్టీలు అతనే వేస్తానన్నాడు. పీట మీద కూర్చుని సాయంత్రం దాకా వేశాడు. కింద పట్టీని చక్కగా దిద్దబోతుంటే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. దాన్ని వంకరగానే వదిలేశాడు.

నర్సరీ బాగా నడుస్తోంది. ఆ మొక్కల వరసల మధ్య ఇప్పుడు మా మరిదే ముందు నడుస్తాడు, కుంటుకుంటూ, కర్రతో నేలని పొడుస్తూ. చదునైన నేలే, నడిచిన దారే, అయినా పొడుస్తాడు. ఆవిడ పది అడుగులు వెనక. వానలు పడ్డాక బావిలో కప్పలు ఎక్కువయ్యాయి.

ఒక్కటి మాత్రం ఆవిడకి పోలేదు. నడుస్తున్నప్పుడు కాళ్ళకి చల్లగాలి తగిలితే చాలు, మా ఇంట్లో నేల మీద పెట్టిన ఫ్యానుదైనా సరే, ఉన్నచోటే బిగుసుకుపోయి చెయ్యి పైకెత్తుతుంది. అప్పుడు మా మరిది గదిలో ఏ మూల ఉన్నా, నోట్లో ముద్ద ఉన్నా, మాట మధ్యలో ఉన్నా కదలడు. ఆవిడ చెయ్యి దించేదాకా అలాగే ఉంటాడు.